పాత ఏసీలో ‘ఎకో గ్యాస్’ వేస్తామంటే ఆగండి, గేజ్ చూసి నమ్మొద్దు

ఆర్-22 (పాత ఏసీల్లో చల్లదనానికి వాడే గ్యాస్) ఏసీలున్నవాళ్లకు ఈ హెచ్చరిక. ఆ గ్యాస్ వాడకాన్ని మన దేశం 2030 నాటికి దాదాపు ఆపేయాలి. ఇదే సాకుగా కొందరు మెకానిక్‌లు ‘ఆర్-22 ఇక దొరకదండీ, ఎకో గ్యాస్ వేస్తా, కరెంటు బిల్లూ తగ్గుతుంది’ అంటున్నారు. ఆ సిలిండర్‌లో ఉండేది చాలాసార్లు ఆర్-290, అంటే ప్రొపేన్. మన వంటగ్యాస్‌కి చుట్టమే.

గ్యాస్ చెడ్డదేం కాదు. భూమిని వేడెక్కించే గుణం కార్బన్ డయాక్సైడ్‌కి 1 అనుకుంటే ఆర్-22కి 1,810, దీనికి పదిలోపే. గోద్రెజ్ 2012 నుంచీ ఆర్-290 స్ప్లిట్‌లు అమ్ముతోంది. కానీ అవి దానికోసమే తయారైనవి: గ్యాస్ కొన్ని వందల గ్రాములే, నిప్పురవ్వ రాని స్విచ్‌లు, ఇంత గదికి ఇంతేనన్న లెక్క. పాత ఏసీలో రిలే (కరెంటు ఆపి వేసే స్విచ్) టిక్కుమన్నప్పుడల్లా నిప్పురవ్వ లేస్తుంది. ఇండోర్ కాయిల్ లీకైతే ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి కిందికి దిగి మంచం చుట్టూ పేరుకుంటుంది. వంటగ్యాస్‌లా వాసన కలపరు, తెలియదు కూడా.

ఒత్తిడి చూపే గేజ్ ఏ గ్యాస్ పడిందో చెప్పలేదు. 35 డిగ్రీల ఎండలో ఆపి ఉన్న ఏసీలో ఆర్-22 ఒత్తిడి సుమారు 180 పీఎస్ఐ, ఆర్-290ది 160. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32, ఆర్-410ఏ అయితే రెండూ 300 దగ్గరే. ఆర్-290తో కూలింగ్ కూడా బాగానే వస్తుంది కాబట్టి అనుమానం రాదు. (ఆర్-22 మిషన్‌లో ఆర్-32 కొట్టే ఘనులూ ఉన్నారు. ఒత్తిడికి పైపులు ఆగవు, పాత ఆయిల్ దానితో కలవదు, కంప్రెసర్ పట్టేస్తుంది.)

అవుట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద గ్యాస్ పేరు, బరువు గ్రాముల్లో ఉంటాయి. సిలిండర్ మీద అదే పేరుండాలి, పక్కన డిజిటల్ కాటా ఉండాలి. ఏసీలో గ్యాస్ ఏటా అరిగిపోదు, తగ్గిందంటే లీకే. ముందు నైట్రోజన్ ఎక్కించి ఫ్లేర్ నట్ల (పైపులు కలిపే నట్లు) దగ్గర సబ్బునీళ్లతో వెతకమనండి. అది మానేసి టాపప్ చేస్తే వచ్చే వేసవికి మళ్లీ అదే బిల్లు. తర్వాత వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట, వ్యాక్యూమ్ గేజ్ 500 మైక్రాన్లకు (లోపల మిగిలిన ఒత్తిడిని కొలిచే లెక్క) దిగాలి. అప్పుడు బరువు తూచి గ్యాస్. గ్యాస్‌తోనే గాలి తోసేస్తానంటే ఒప్పుకోవద్దు: లోపల మిగిలిన తేమ ఆర్-32 మిషన్ ఆయిల్‌ని యాసిడ్ చేసి కంప్రెసర్ వైండింగ్‌ని తినేస్తుంది.

ఇప్పటికే ఎకో గ్యాస్ పడి ఉంటే ఎంసీబీ ఆపేయండి. అవుట్‌డోర్ మీద మార్కర్‌తో ‘ప్రొపేన్ ఉంది’ అని పెద్దక్షరాలతో రాయండి. తర్వాత వచ్చేవాడు బ్రేజింగ్ టార్చ్ (పైపులు అతికే మంట) వెలిగించకముందే అది కంటపడాలి.