జెట్‌బ్లూ: సీటు భేష్, మరి స్పిరిట్ సంగతో?

బోస్టన్ నుంచి ఆర్లాండో వెళ్లాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అందుకే జెట్‌బ్లూ విమానం తీసుకున్నాను. ముందు సీటు ఆవిడ మోకాళ్లకి తగల్లేదు, అదే పెద్ద రిలీఫ్. వైఫై ఫ్రీ. స్నాక్స్‌కి నీలం బంగాళాదుంప చిప్స్ ఇచ్చారు. "ఇదేంటమ్మా, మాడిపోయిందా?" అంటూనే ప్యాకెట్ ఖాళీ చేసేశారు. పులిహోర డబ్బా మూత కూడా తీయలేదు.

సర్వీసుకి వంక పెట్టను. అయితే ఈ కంపెనీయే 380 కోట్ల డాలర్లకి స్పిరిట్ అనే చవక టికెట్ల విమాన కంపెనీని కొనబోయింది. ఆ కొనుగోలు ఆపాలని 2023లో అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది, 2024 జనవరిలో బోస్టన్ ఫెడరల్ జడ్జి విలియం యంగ్ ఆపేశారు. మార్కెట్లో దాదాపు 80 శాతం నాలుగు పెద్ద కంపెనీలదే, వాళ్లతో తలపడాలంటే మేమూ పెరగాలి అన్నది జెట్‌బ్లూ వాదన. సబబుగానే ఉంది. కానీ స్పిరిట్ విమానాల్లో కొన్ని సీట్లు పీకేసి తమ పద్ధతిలోకి మార్చాలనుకున్నారు. కాళ్లకి చోటు పెరిగితే రేటూ పెరుగుతుంది. కాలేజీ పిల్లలకి చోటు ఎందుకు? ఒక్క బ్యాగు భుజాన వేసుకుని చవగ్గా చేరితే చాలు. పైగా స్పిరిట్ తిరిగిన రూట్లో మిగతావాళ్లూ రేట్లు దించేవాళ్లు, దాన్ని ఎక్కనివాళ్లకీ లాభమే.

అదే ఏడాది నవంబర్లో స్పిరిట్ దివాలా పిటిషన్ వేసింది. "కలవనిస్తే బతికేది కదా" అని మా ఆయన ఇప్పటికీ వాదిస్తారు. విమానాలు బతికేవి, ఆ చవక టికెట్ బతికేది కాదంటాను నేను.

పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం జెట్‌బ్లూకే నా ఓటు. నాలుగు స్టార్లు.