పోర్టు కలిసింది, మాట కలవలేదు: లైట్నింగ్, టైప్-సి, సొంత ఫాస్ట్ చార్జింగ్ ఏళ్లపాటు వాడాక

నోకియా రోజుల్లో చార్జర్ కొనబోతే షాపులో అడిగే ప్రశ్న ఒకటే: "సన్న పిన్నా, లావు పిన్నా?" సన్నది 2 మిల్లీమీటర్లు, లావుది 3.5. అది చెబితే పని అయిపోయేది. ఇప్పుడు "టైప్-సి" అని చెప్పేసి డబ్బులిచ్చి వచ్చేస్తాం, ఇంటికొచ్చాక చార్జింగ్ నత్తనడక నడుస్తుంది. పోర్టు ఆకారం ఒకటైనా, చార్జరూ ఫోనూ మాట్లాడుకునే భాష ఒకటి కాకపోవడమే దీనికి కారణం.

ఇక్కడ చెప్పేది మూడు రకాల గురించి: లైట్నింగ్ పోర్టున్న ఐఫోన్లు, ఏ ఒక్క కంపెనీదీ కాక అందరికీ చెందిన పీడీ (పవర్ డెలివరీ), దాని పైమెట్టు పీపీఎస్ పద్ధతుల్లో చార్జయ్యే టైప్-సి ఫోన్లు, టైప్-సి పోర్టే ఉన్నా కంపెనీ సొంత చార్జర్‌తో తప్ప పూర్తి వేగం ఇవ్వని ఫోన్లు. మైక్రో యూఎస్‌బీని వదిలేద్దాం. చీకట్లో తిరగేసి గుచ్చి పాడుచేసిన పోర్టు ఏ ఇంటి డ్రాయర్లో చూసినా ఒకటుంటుంది.

ముందు పోర్టు సంగతి. లైట్నింగ్ 2012లో ఐఫోన్ 5తో వచ్చింది. దాని ప్లగ్ 6.7 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం ఉన్న గట్టి పలక. పక్కకి ఎనిమిది చొప్పున పిన్నులు బయటికే కనిపిస్తాయి, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఫోన్ లోపల ఉండేది ఖాళీ గూడు, దాని గోడల్లో స్ప్రింగు పిన్నులు. టైప్-సి దీనికి సరిగ్గా తలకిందులు. ఫోన్ పోర్టు మధ్యలో సన్నని నాలుక ఉంటుంది, దాని మీద 24 పిన్నుల చోటు. స్ప్రింగులు, పట్టుకునే కొక్కేలు అన్నీ కేబుల్ ప్లగ్‌లోనే. అంటే అరుగుదల లైట్నింగ్‌లో ఫోన్ మీద పడుతుంది, టైప్-సిలో కేబుల్ మీద. అరిగిన కేబుల్ పారేసి కొత్తది తెచ్చుకోవచ్చు కాబట్టి ఈ ఒక్క విషయంలో టైప్-సి తయారుచేసినవాళ్లది మంచి బుద్ధి.

కాగితం మీద టైప్-సి పోర్టు 10,000 సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకోవాలి. రోజుకు మూడుసార్ల లెక్కన తొమ్మిదేళ్లు. నిజానికి పోర్టులు ఈ లెక్కతో చావవు. దూదిపీచు, తడి, పక్కకి ఒత్తిడి వల్ల చస్తాయి. మంచం మీద పడుకుని, చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని పొట్ట మీద ఆనించి సినిమా చూసే అలవాటు అన్నిటికంటే చెడ్డది. బరువంతా ప్లగ్ మీద పడి, ప్లగ్ మీటలా పనిచేసి, నాలుక మొదట్లో సోల్డర్ చిట్లుతుంది. లైట్నింగ్ గూట్లో విరగడానికి నాలుకే లేదు గనక ఈ దెబ్బ బాగా కాస్తుంది. పోర్టుగా మాత్రం లైట్నింగే గట్టిదని ఇప్పటికీ నా అభిప్రాయం.

దానికీ ఒక జబ్బుంది. పిన్నులు బయటికి ఉండటంతో చేతి చెమట తగులుతుంది. కరెంటు వస్తుండగా పెట్టి తీసేటప్పుడు సన్నగా నిప్పురవ్వ లేస్తుంది. కొన్నాళ్లకు బంగారు రంగు పిన్నుల మధ్యలో ఉండే కరెంటు పిన్ను ఒక్కటే నల్లబడుతుంది. అప్పుడు కేబుల్ ఒకవైపు పెడితే ఎక్కుతుంది, తిప్పి పెడితే ఎక్కదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే నలుపు పోయి బంగారు రంగు తేలితే ఇంకా వాడుకోవచ్చు. గుంట పడినట్టు కనిపిస్తే పారేయండి, లేదంటే ఆ గరుకు ఫోన్‌లోని స్ప్రింగుని గీకుతుంది.

పోర్టు వదులైందని షాపుకి పరిగెత్తేముందు చేయాల్సిన పని శుభ్రం చేయడం. ప్లగ్ పెట్టి పక్కనుంచి చూడండి. ప్లగ్ మెడకీ ఫోన్ అంచుకీ మధ్య మిల్లీమీటరు సందు కనిపిస్తే పోర్టు అడుగున పీచు గట్టిపడిందన్నమాట. చొక్కా జేబులో, ప్యాంటు జేబులో ఉండే నూలుపీచుని ప్రతిసారీ ప్లగ్ దంచి దంచి అడుగున అట్ట చేస్తుంది. ఫోన్ ఆఫ్ చేయండి. పళ్లలో గుచ్చుకునే చెక్కపుల్లని బ్లేడుతో ఇంకా పల్చగా చెక్కండి. టైప్-సి అయితే నాలుకకి పైన ఒకసారి, కింద ఒకసారి, గోడ వెంబడి దింపి అడుగు నుంచి బయటికి లాగాలి. నాలుకని ఎత్తినట్టు మాత్రం చేయకూడదు. లైట్నింగ్‌లో మధ్యలో అడ్డం లేదు గనక మూలలు గీకడం తేలిక. పిన్నీసు, సిమ్ పిన్ను వద్దు. నోటితో ఊదడమూ వద్దు, ఊదితే వెళ్లేది గాలికంటే తడే ఎక్కువ. మొదటిసారి చేసేవాళ్లు బయటికొచ్చిన పీచు ఉండ చూసి ఆశ్చర్యపోతారు. శుభ్రం చేశాక కూడా వదులుగా ఉంటే కొత్త కేబుల్ పెట్టి చూడండి. కొత్తది టక్కుమని కూర్చుంటే తప్పు పాత కేబుల్‌ది. కొత్తదీ ఊగితేనే జాక్ మార్పించే ఆలోచన.

ఇక భాష సంగతి, అసలు తలనొప్పి ఇక్కడే. పీడీ చార్జర్ ఫోన్‌కి 5, 9, 15, 20 వోల్టుల మెట్లు చూపిస్తుంది, ఫోన్ తనకి కావాల్సింది ఎంచుకుంటుంది. పీపీఎస్ దాని పైమెట్టు. అందులో ఫోన్ వోల్టేజిని 20 మిల్లీవోల్టుల చొప్పున పెంచమనీ తగ్గించమనీ చార్జర్‌ని అడుగుతూ ఉంటుంది. వోల్టేజి బ్యాటరీకి దగ్గరగా సర్దుకుంటే ఫోన్ లోపల మార్చుకునే పని తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. శాంసంగ్ 25 వాట్ల ఫోన్‌కి పీపీఎస్ లేని మామూలు పీడీ చార్జర్ తగిలిస్తే, అది 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జరైనా సరే, ఫోన్ 15 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో యూఎస్‌బీ మీటర్ పెట్టి చూస్తే 9 వోల్టులు, 1.67 ఆంప్స్ దగ్గర అంకె నిలబడిపోయి ఉంటుంది. లాక్ స్క్రీన్ మీద "ఫాస్ట్ చార్జింగ్" అని మాత్రమే వస్తుంది. పీపీఎస్ ఉన్న చార్జర్ పెడితే "సూపర్ ఫాస్ట్ చార్జింగ్" అంటుంది. మీటర్ కొనకపోయినా ఈ ఒక్క మాట చదివితే చాలు.

కంపెనీ సొంత పద్ధతిది వేరే దారి. ఒప్పో 2014లో తెచ్చిన వూక్ అనే ఫాస్ట్ చార్జింగ్ కిటుకు తెలివైనదే: వోల్టేజి పెంచకుండా 5 వోల్టులకే 4 ఆంప్స్ పంపి, మార్పిడి వేడంతా ఫోన్‌లో కాకుండా చార్జర్ ఇటుకలో పుట్టేలా చేశారు. 65 వాట్లకి వచ్చేసరికి అది 10 వోల్టులు, 6.5 ఆంప్స్ అయింది. టైప్-సి ప్రమాణం ఒప్పుకునేది 5 ఆంప్స్ దాకానే. అందుకే ఆ కేబుల్ కూడా సొంతదే కావాలి. పెట్టెలో వచ్చిన ఇటుక, పెట్టెలో వచ్చిన తీగ, రెండూ ఉంటే ఆ వేగానికి సాటి లేదు. స్నానం చేసి టిఫిన్ తిని వచ్చేసరికి రోజుకి సరిపడా ఎక్కేస్తుంది. ఊరెళ్లేటప్పుడు ఆ తీగ మరిచిపోతే మాత్రం గొప్పంతా పోతుంది. ఇలాంటి ఫోన్లు చాలావరకు వేరే పీడీ చార్జర్‌తో 15–18 వాట్ల దగ్గర నడుస్తాయి. ఈమధ్య మోడళ్లు కొన్ని పీపీఎస్ కూడా ఒప్పుకుంటున్నాయి. కొనేముందు చూడాల్సింది పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు కాదు, "పీడీ/పీపీఎస్‌లో ఎంత" అన్న చిన్నక్షరాల అంకె.

యూరప్ చట్టం కూడా ఈ సొంత పద్ధతుల గోలని పూర్తిగా తీసేయలేదు. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకి టైప్-సి తప్పనిసరి, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకీ అంతే. 15 వాట్లు దాటి చార్జయ్యే పరికరం పీడీని ఒప్పుకోవాలన్నారు గానీ, దాంతోపాటు సొంత పద్ధతి ఉండొద్దనలేదు. ఆపిల్ మాత్రం ఆ గడువుకి ముందే, 2023లో ఐఫోన్ 15తో టైప్-సికి మారింది. అక్కడా ఒక మెలిక: ఐఫోన్ 15, 15 ప్లస్ పోర్టులు డేటాకి యూఎస్‌బీ 2 వేగానివే, అంటే 480 మెగాబిట్లు, లైట్నింగ్‌ది ఎంతో ఇదీ అంతే. ప్రోలో 10 గిగాబిట్లు, కానీ పెట్టెలో ఇచ్చిన తీగ యూఎస్‌బీ 2దే. పది జీబీ వీడియో కంప్యూటర్‌కి ఎక్కించడానికి నాలుగైదు నిమిషాలు పడుతోందంటే పోర్టుని తిట్టేముందు తీగని చూడండి.

తీగ గురించి ఇంకో మాట. రాగి మందం అబద్ధమాడదు. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందం కొలత, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. 28 ఏడబ్ల్యూజీ తీగ మీటరుకి దాదాపు 0.21 ఓంలు. వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి 0.42. అందులో 2 ఆంప్స్ పంపితే 0.8 వోల్టులకు పైగా దారిలోనే ఆవిరి, 5 వోల్టులు బయల్దేరితే ఫోన్ దాకా వచ్చేది 4.2. అదే 24 ఏడబ్ల్యూజీ అయితే పోయేది మూడోవంతు వోల్టు. రెండు మీటర్ల సన్నతీగ మంచం దాకా వస్తుందని మురిసిపోతే రాత్రంతా పెట్టినా చాలదు. సి-టు-సి తీగల్లో 3 ఆంప్స్ దాటి పంపాలంటే ప్లగ్‌లో ఈ-మార్కర్ అనే చిప్ ఉండాలి. అది లేని తీగతో ఎంత పెద్ద చార్జరైనా 60 వాట్లు దాటదు. శాంసంగ్ 45 వాట్లలో కరెంటు 3 ఆంప్స్ దాటుతుంది, 5 ఆంప్స్ తీగ అడిగేది ఇందుకే.

చవక సరుకులో సార్వత్రిక పోర్టు పరువు తీసేది ఇంకొకటుంది. దోమల బ్యాట్, ట్రిమ్మర్, నెక్‌బ్యాండ్, టార్చిలైటు: పోర్టు టైప్-సీయే, ఫోన్ చార్జర్ నుంచి సి-టు-సి తీగ పెడితే దీపం కూడా వెలగదు. పాడైందనుకుని వెనక్కి పంపుతారు. పాడవలేదు. టైప్-సి చార్జర్ అవతల పరికరం ఉందని తేలేదాకా కరెంటు వదలదు. పరికరం తన రెండు సీసీ పిన్నుల (అవతల ఏముందో కనిపెట్టే పిన్నులు) దగ్గర చెరో 5.1 కిలో ఓంల రెసిస్టర్ పెట్టి "నేనున్నాను" అని చెప్పాలి. పైసల్లో వచ్చే ఆ రెండు రెసిస్టర్లు మిగుల్చుకుంటారు. పాత చదరపు మూతి యూఎస్‌బీ-ఎ చార్జర్ మాత్రం అడగకుండానే 5 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఎ-టు-సి తీగతో అదే బ్యాట్ హాయిగా ఎక్కుతుంది. పేరున్నవాళ్లూ ఇందులో తప్పు చేశారు: 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిట్టి కంప్యూటర్ బోర్డులో మొదట రెండు పిన్నులకీ కలిపి ఒకటే రెసిస్టర్ పెట్టడంతో ఈ-మార్కర్ తీగలతో పనిచేయలేదు, తర్వాత సరిచేశారు.

ఎ-టు-సి తీగలో దీనికి తోబుట్టువు లాంటి సమస్య. అక్కడ తీగలోనే 56 కిలో ఓంల రెసిస్టర్ ఉండాలి. 10 పెడితే ఫోన్ దాన్ని 3 ఆంప్స్ చార్జర్ అనుకుని అంతా లాగేస్తుంది, అవతల ఉన్నది పాత ల్యాప్‌టాప్ పోర్టయితే దానికి ముప్పు. 2015లో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ ఇలాంటి తీగల్ని ఒక్కొక్కటీ పరీక్షించి బయటపెట్టాడు. 2016లో, లోపల కలపడమే తారుమారైన ఒక తీగ ఆయన ల్యాప్‌టాప్‌నే కాల్చేసింది.

తడి విషయంలో రెండు పోర్టులూ ఒకటే. వానలో, సముద్రం గాలిలో ఉండే ఊళ్లలో ప్లగ్ మీద పచ్చగా చిలుము పట్టడం మామూలు. తడిగా ఉండగా కరెంటు పంపితే పిన్నులు తినేసుకుపోవడం నిమిషాల్లో మొదలవుతుంది. తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే మొండికెయ్యొద్దు. పోర్టు కిందికి ఉండేలా అరచేతికి తట్టి, కనీసం అరగంట గాలి తగిలేచోట పెట్టండి. పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రోజు పడుతుంది. బియ్యం డబ్బాలో పెట్టడం దండగ, పిండి పోర్టులోకి పోతుంది.

జాక్ మార్పించాల్సి వస్తే: చాలా ఆండ్రాయిడ్లలో పోర్టు చిన్న సబ్ బోర్డు మీద ఉంటుంది, ఆ ముక్క మొత్తం మార్చేస్తారు. ఐఫోన్‌లో పోర్టు ఫ్లెక్స్ తీగతో వస్తుంది, మైకులు కూడా దాని మీదే. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో అయినా, మీ వీధి చివర అయినా, డబ్బులిచ్చేముందు కౌంటర్ దగ్గరే నాలుగు చూసుకోండి. మీ సొంత చార్జర్ పెడితే ముందులాగే ఫాస్ట్ చార్జింగ్ అని వస్తోందా? ప్లగ్ రెండు వైపులా తిప్పినా ఎక్కుతోందా? కాల్ చేస్తే అవతలివాళ్లకి గొంతు స్పష్టంగా వినిపిస్తోందా? పెన్‌డ్రైవ్ లేదా కంప్యూటర్ పెడితే గుర్తుపడుతోందా? నకిలీ బోర్డులు చార్జింగ్ ఇస్తాయి, వేగం ఇవ్వవు. మైకు సబ్ బోర్డు మీదే ఉండే ఫోన్లలో గొంతు నూతిలోంచి వచ్చినట్టు మారడం కూడా ఆ బోర్డు పనే. ఒకసారి విప్పిన ఫోన్‌కి నీటి రక్షణ పోయినట్టే లెక్క.

ఇప్పుడు కొనాలంటే: పీపీఎస్ ఉన్న 45 లేదా 65 వాట్ల పీడీ ఇటుక ఒకటి, 5 ఆంప్స్ ఈ-మార్కర్ ఉన్న మీటరు తీగ ఒకటి. ఇటుక మీద ఐఎస్ 13252 లాంటి ప్రమాణం నంబరు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉందో లేదో చూసి, ఆ నంబరుని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరు కలుస్తోందేమో చూడండి. లైట్నింగ్ ఐఫోన్ బాగా నడుస్తుంటే పోర్టు కోసం మార్చక్కర్లేదు. ఐఫోన్ 8 నుంచి 14 దాకా ఏదైనా ఇదే ఇటుకకి అసలైన సి-టు-లైట్నింగ్ తీగ తగిలిస్తే దాదాపు అరగంటలో సగం ఎక్కుతుంది. ఆపిల్ సొంతదీ కాక, ఎంఎఫ్ఐ ముద్రా (బయటి కంపెనీల సరుక్కి ఆపిల్ ఇచ్చే ఆమోదం) లేని తీగలో మాత్రం లోపలి చిప్ చాలావరకు నకిలీది. ఇవాళ ఎక్కినా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత "ఈ యాక్సెసరీ సపోర్ట్ చేయకపోవచ్చు" అని మొరాయించవచ్చు. సొంత ఫాస్ట్ చార్జింగ్ ఫోన్ ఉన్నవాళ్లు పెట్టెలోని తీగ మీద పేరు రాసుకోండి, ఇంట్లో మిగతా తీగల్లో కలిస్తే దొరకదు. పాత 10 వాట్ల చదరపు మూతి చార్జర్ మాత్రం పారేయకండి, దోమల బ్యాట్‌కి అదే దిక్కు.