మూగదెబ్బకు కెమెరా పరీక్ష: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

సరైన పేషెంటుకు వాడితే ఈ పరీక్షకు 5కు 4 మార్కులు. షాక్‌లో, అంటే బీపీ పడిపోయి ఉన్నవాళ్లకు సున్నా.

విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దగ్గరో, బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల దగ్గరో బండి హ్యాండిల్ పొట్టకు తగిలినవాళ్లకు, తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులకు చాలాసార్లు పైన గీత కూడా ఉండదు. లోపల ఏం తెగిందో చూడటానికే డయాగ్నస్టిక్ ల్యాప్రోస్కోపీ: పొట్టను గ్యాస్‌తో ఉబ్బించి, చిన్నకోత గుండా కెమెరా పంపి చూడటం. అయితే ఇది మొదటి పరీక్ష కాదు. ముందు ఫాస్ట్ స్కాన్ (పొట్టలో రక్తం చేరిందేమో చూసే అల్ట్రాసౌండ్), బీపీ నిలకడగా ఉంటే కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్). కాలేయం, ప్లీహం చీలితే సీటీలోనే చాలావరకు తెలుస్తుంది. మనిషి నిలకడగా ఉంటే కోత లేకుండా కనిపెట్టుకుని ఉంటే చాలు, కెమెరా అక్కర్లేదు. సీటీలో నీరు కనపడుతోంది, ఏ అవయవమూ చీలలేదు, నొప్పి మాత్రం పెరుగుతోంది: ఇక్కడే దీని అసలు విలువ. పేగు చిల్లు, ఎడమవైపు డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరం) చిరుగు తొలి గంటల సీటీకి దొరక్కపోవచ్చు.

సెలైన్, రక్తం ఎక్కించినా బీపీ పడిపోతుంటే నేరుగా పొట్ట తెరవాల్సిందే. పొట్టలోకి నింపే కార్బన్ డయాక్సైడ్ పెద్ద సిరను నొక్కి గుండెకు చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. తలకు గట్టి దెబ్బ ఉన్నా వద్దు, మెదడులో ఒత్తిడి పెరుగుతుంది.

ఉబ్బిన పేగుల మీద గుడ్డిగా సూది గుచ్చడం ప్రమాదం. అందుకే బొడ్డు దగ్గర చిన్నకోత పెట్టి, కంటితో చూస్తూ 10 మి.మీ. పోర్టు (కెమెరా, పనిముట్లు వెళ్లే గొట్టం) దించడం మేలు. గ్యాస్ ఒత్తిడి 8–10 మి.మీ. పాదరసం దగ్గర మొదలుపెట్టి 12 దాకా మెల్లగా పెంచాలి. డయాఫ్రం చిరిగి ఉంటే గ్యాస్ ఛాతీలోకి ఎక్కుతుంది. వెంటిలేటర్ ఒత్తిడి పెరిగి, బీపీ జారితే వెంటనే గ్యాస్ వదిలేసి ఛాతీ ట్యూబు వేయాలి. ఆ ట్యూబు సెట్టు ముందే టేబుల్ మీద ఉండాలి.

మిగతా రెండు 5 మి.మీ. పోర్టుల నుంచి పేగును పట్టాలి. తల ఎత్తితే డయాఫ్రం, ప్లీహం కనపడతాయి. తల దించితే కటి. తర్వాత అసలు పని: చిన్నపేగును ట్రైట్జ్ లిగమెంట్ (డుయోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం ముగిసేచోటు) నుంచి పెద్దపేగు కలిసేచోటు దాకా కొద్దికొద్దిగా, రెండువైపులా తిప్పి చూడటం. మెసెంటరీ (పేగును పట్టి ఉంచే, రక్తనాళాలున్న పొర) చీలికలు ఇక్కడే బయటపడతాయి. తొందరపడేవాళ్లు వదిలేసేదీ ఇదే. పొట్టసంచి వెనుక భాగం చూడాలంటే పొట్టసంచిని పెద్దపేగుతో కలిపే పొరలో (గ్యాస్ట్రోకోలిక్ లిగమెంట్) దారి చేసుకోవాలి.

మార్కు కోసింది వెనకభాగానికి. క్లోమం, డుయోడినం, పెద్దపేగు వీపువైపు దెబ్బలు కెమెరాకు సులువుగా చిక్కవు. రక్తం గడ్డలు చూపును కమ్మితే, కడిగి పీల్చినా తేటపడకపోతే, ఓపెన్‌కు మారాలి. ఆ కన్సెంట్ ముందే రాయించుకోని చోట ఈ పరీక్ష వద్దు.

పేషెంటు తరఫువాళ్లు ఆపరేషన్ నోట్ అడిగి చూసుకోవాలి. ‘నార్మల్’ అన్న ఒక్కమాట చాలదు. పేగు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చూశారో, డయాఫ్రం రెండువైపులా చూశారో రాసి ఉండాలి. ఆరోగ్యశ్రీ కింద వస్తే ఏ ప్యాకేజీ రాస్తున్నారో ఆరోగ్యమిత్రను అడగండి. పరీక్షలో ఏమీ దొరక్కపోయినా కనీసం ఒకరోజు వార్డులోనే ఉంచాలి. నాడి వేగం పెరిగినా, జ్వరం వచ్చినా, పొట్ట గట్టిపడినా మళ్లీ సర్జన్ చూడాలి.