నీళ్లు మార్చాలా, ఏరేటర్లు తిప్పాలా?

తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యల చెరువు గట్టు మీద నుంచి టార్చి వేస్తే రొయ్యలు అంచున తేలి కనిపించాయా? డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకి పడినట్టే. భీమవరం వైపు ఈ టెన్షన్ తెలియని రైతు ఉండడు. దారులు రెండు: పాత నీళ్లు వదిలి కొత్త నీళ్లు తోడడం, లేదా నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పడం.

ఖర్చు: నీళ్లు మార్చడానికి ఇంజనులో డీజిల్ చాలు. ఏరేటర్లకైతే కరెంటు బిల్లు, కరెంటు పోతే జనరేటర్, ఆపైన రిపేర్లు. ఇందులో నీళ్లదే పైచేయి.

శ్రమ: రెండింటికీ రాత్రి కాపలా తప్పదు.

రిస్క్: అసలు సంగతి ఇదే. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది సుమారు పావు వంతే. మిగతాది నీళ్లలో, అడుగు బురదలో ఉంటుంది. దాన్ని డ్రెయిన్‌లోకి వదిలితే నాచుకు ఎరువు వేసినట్టే. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు ఉప్పుటేరు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. పై చెరువు వదిలిన నీళ్లనే కింది చెరువు తోడుకుంటుంది, రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్‌తో సహా! (రేపు మనమే ఆ కింది చెరువు.) ఏరేటర్ పోషకాలను మాయం చేయదు గానీ కుళ్లు పని చెరువులోనే చాలావరకు ముగుస్తుంది.

రొయ్య పిల్ల పలచగా వేసి, కాలువ నీరు బాగున్నప్పుడు కొంచెం నీరు మార్చినా సరిపోతుంది. దట్టంగా వేస్తే ఏరేటర్లే, 400–500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ లెక్కన. పట్టుబడి రోజు ఎలాగూ నీరు వదలాలి కాబట్టి ఆ నీళ్లు నిలిపి బురద తేర్చడానికి ఓ మూల తేట చెరువు ఉంచుకోండి.