రువాండా సైన్యమా, పొరుగు దేశాల ఉమ్మడి సేనా: కాబో డెల్గాడోకి ఏది మేలు?

మొజాంబిక్ ఉత్తరపు కొసన, టాంజానియా సరిహద్దును ఆనుకుని కాబో డెల్గాడో అనే రాష్ట్రం ఉంది. 2021 జులైలో వారం తిరక్కుండా ఆ రాష్ట్రంలో రెండు విదేశీ సేనలు దిగాయి. మొదట రువాండా వెయ్యి మంది సైనికుల్ని, పోలీసుల్ని పంపింది. ఆ వెనకే, ఆఫ్రికా దక్షిణ భాగంలోని 16 దేశాల కూటమి సాడెక్ తన ఉమ్మడి సేనను దింపింది. ఈ ఉమ్మడి సేన పేరు సామిమ్. నేల ఒకటే, శత్రువు ఒకడే, కాలమూ ఒకటే. ఆఫ్రికా దేశాలు ఒకదానికొకటి శాంతి కోసం సాయపడే పద్ధతుల్లో ఏది పనిచేస్తుందో పోల్చి చూడ్డానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

అక్కడి గొడవ 2017 అక్టోబరు 5న మొదలైంది. మొసింబోవా ద ప్రాయియా అనే రేవు పట్నంలో పోలీస్ స్టేషన్ల మీద కొందరు యువకులు దాడి చేశారు. జనం వాళ్లను అల్ షబాబ్ అని పిలిచారు గానీ సోమాలియాలోని ఆ పేరున్న సంస్థ వేరు, వీళ్లు వేరు. తర్వాత ఇస్లామిక్ స్టేట్ వీళ్లను తమవాళ్లుగా ప్రకటించుకుంది. తీరంలో చేపలు పట్టుకుని, చిన్న వ్యాపారాలు చేసుకుని బతికే మ్వానీ కుటుంబాల పిల్లలు ఇందులో చాలామంది ఉన్నారు. స్వాతంత్ర్య పోరాటంలో ముందున్న మకోండే వర్గానికి పదవులు, పెన్షన్లు దక్కాయనీ, తమకేమీ మిగల్లేదనీ వాళ్లలో చాలాకాలంగా కోపం ఉంది. మోంటెప్వెజ్‌లో కెంపుల గనులు బయటపడ్డాయి, సముద్రంలో గ్యాస్ పడింది. రెండూ ఆ ఊళ్ల చేతికి రాలేదు. ఈ పోరులో ఇప్పటిదాకా 6,000 మందికి పైగా చనిపోయారు. 2022 నాటికి దాదాపు పది లక్షల మంది ఇళ్లు వదిలి వెళ్లిపోయారు.

మూడో దారి ఒకటుంది, కిరాయి సైనికులు. దాని గురించి రెండు మాటలు చాలు. 2019లో రష్యా వాళ్ల వాగ్నర్ దళం వచ్చింది, అడవిలో దెబ్బతిని కొన్ని నెలల్లోనే తిరిగెళ్లింది. తర్వాత డిక్ అడ్వైజరీ గ్రూప్ అనే దక్షిణాఫ్రికా ప్రైవేటు కంపెనీ చిన్న హెలికాప్టర్లతో దిగింది. 2021 మార్చి 24న పాల్మా పట్నం మీద దాడి జరిగినప్పుడు దాదాపు 200 మంది అమరూలా అనే హోటల్లో చిక్కుకుపోయారు. పైనుంచి హెలికాప్టర్లు కొద్దికొద్దిగా మనుషుల్ని తరలించాయి. రెండు రోజులు చూసి, ఇక లాభం లేదని మిగిలినవాళ్లు కార్లలో బయటపడబోతే దారిలో మాటువేసి కాల్చారు. ముందు తెల్లవాళ్లనే ఎక్కించుకున్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక ఇచ్చింది, కంపెనీ కాదంది. నిజం ఏదైనా, డబ్బులిచ్చి తెచ్చుకున్న సేన ఎవరిని ముందు కాపాడాలన్నది ఆ ఊరి జనం అడగగలిగే ప్రశ్న కాకుండా పోయింది. అది చాలు ఆ దారిని పక్కన పెట్టడానికి.

పాల్మా పడ్డాక టోటల్‌ఎనర్జీస్ తన 2,000 కోట్ల డాలర్ల గ్యాస్ ప్రాజెక్టును ఆపేసింది. ఆ ప్రాజెక్టులో ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం, ఆయిల్ ఇండియాలకు కలిపి 30 శాతం వాటా ఉంది. అంటే మన ప్రభుత్వ సంస్థల సొమ్ము కూడా ఆ ప్రాజెక్టు ఉన్న అఫుంగి తీరంలో ఇరుక్కుంది. అయినా మన పత్రికల్లో దీని గురించి ఎంత తక్కువ రాశారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

ఇక అసలు పోలికకొద్దాం. రువాండా గొప్పదనం వేగం. 2021 ఏప్రిల్ చివర్లో అప్పటి మొజాంబిక్ అధ్యక్షుడు ఫిలిపె న్యూసీ రువాండా రాజధాని కిగాలీ వెళ్లి ఆ దేశాధ్యక్షుడు పాల్ కగామెను కలిశాడు. జులై 9న సేన బయల్దేరింది. ఆగస్టు 8కల్లా మొజాంబిక్ సైన్యంతో కలిసి మొసింబోవాను తిరిగి పట్టుకుంది. ఏడాది పాటు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న రేవు అది. ఒకే దేశపు సేన, ఒకే భాష, ఒకే కమాండర్. రువాండా సైనికుల్లో చాలామందికి స్వాహిలీ వచ్చు. తీరంలో మ్వానీ మాట్లాడే జనానికీ అది అర్థమవుతుంది. పోర్చుగీసులో అరిచే సొంత దేశపు సైనికుల కంటే, స్వాహిలీలో పలకరించే ఈ పరాయివాళ్ల మీదే అక్కడివాళ్లకు నమ్మకం కుదిరింది. కాలినడకన గస్తీ తిరిగారు, బజారులో నిలబడి మాట్లాడారు. జనం మెల్లగా ఇళ్లకు తిరిగొచ్చారు. దీన్ని నేను చిన్న విషయంగా చూడను. ఇల్లు కాలిపోయిన మనిషికి ఎవరి జెండా కింద రక్షణ దొరికిందన్నది తర్వాతి మాట.

సాడెక్ కథ వేరు. 2020 మేలో హరారేలో మొదటిసారి దీని మీద కూర్చున్నారు. ఆ తర్వాత సమావేశం మీద సమావేశం. పాల్మా దాడి తర్వాత గానీ నిపుణుల బృందం వెళ్లలేదు. 2,916 మంది సైనికులు కావాలని ఆ బృందం తేల్చింది. 2021 జూన్ 23న మొజాంబిక్ రాజధాని మపూటోలో జరిగిన శిఖరాగ్ర సభ సరేనంది. తీరా నేల మీద కనిపించింది రెండు వేల చిల్లర మంది. హెలికాప్టర్లు చాలవు, వానాకాలం రోడ్లు లేవు, ఒక్కో దేశం సేనకు ఒక్కో పద్ధతి. రువాండా తమకంటే ముందు దిగడం దక్షిణాఫ్రికాకు నచ్చలేదు, అప్పటి రక్షణ మంత్రి ఆ మాట బయటికే అన్నారు.

ఈ ఆలస్యానికి సాడెక్‌నొక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. అసలు పిలవడానికే మొజాంబిక్ వెనకాడింది. ఎందుకో తెలియాలంటే 1980లకు వెళ్లాలి. అప్పటి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వం రెనామో తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి మొజాంబిక్‌ను నాశనం చేసింది. 1984 మార్చి 16న కోమాటి నది ఒడ్డున మొజాంబిక్ అధ్యక్షుడు సమోరా మషేల్, దక్షిణాఫ్రికా ప్రధాని పి.డబ్ల్యూ. బోతా ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఒకరి శత్రువులకు ఇంకొకరు ఆశ్రయం ఇవ్వకూడదన్నారు. మొజాంబిక్ మాట నిలబెట్టుకుంది. అవతలివాళ్లు రెనామోకు సాయం ఆపలేదు. పొరుగువాడి సైన్యం అంటే మపూటోలో భయం ఊరికే పుట్టలేదు. అదే కాలంలో జింబాబ్వే సైనికులు బైరా రేవుకు వెళ్లే రైలు దారినీ, చమురు గొట్టాన్నీ కాపాడారు. టాంజానియా కూడా సేనను పంపింది. పొరుగువాళ్ల వల్ల చెడిందీ, పొరుగువాళ్ల వల్ల బతికిందీ ఆ దేశానికే తెలుసు. వర్ణవివక్ష పోయి దాదాపు ముప్పై ఏళ్లయినా ఆ సంశయం పూర్తిగా పోలేదు. సరిహద్దు కూడా లేని రువాండాను పిలవడం తేలికనిపించడానికి ఇదీ ఒక కారణం అని నేననుకుంటాను.

రువాండా గెలిచింది, సామిమ్ తేలిపోయింది అని చాలామంది రాశారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. రువాండా చేతికొచ్చింది పాల్మా, మొసింబోవా: తీరం, పట్నాలు, గ్యాస్ ప్రాజెక్టు ఉన్న ప్రాంతం. అక్కణ్నుంచి తరిమేసినవాళ్లు మాయమైపోలేదు. పడమరకీ దక్షిణానికీ చెదిరిపోయి నంగాడే, మకోమియా అడవుల్లోకి చేరారు. ఆ జిల్లాలు ఎవరి వంతు? సామిమ్‌వి. నంగాడేలో టాంజానియా, లెసోతో సైనికులు, మకోమియాలో దక్షిణాఫ్రికా వాళ్లు, ముయేడా వైపు బోట్స్వానా వాళ్లు. ఎక్కువ అడవి, తక్కువ మనుషులు, అందులోకి పక్క జిల్లా నుంచి తరిమిన గుంపులు. 2022 జూన్‌లో దాడులు ఇంకా కిందకి, అంక్వాబే దాకా పాకాయి. రెండు సేనలకూ వేర్వేరు కమాండ్లు ఉండడం వల్ల ఒకరి విజయం ఇంకొకరి నెత్తిన పడింది. అలాంటప్పుడు రెంటి మార్కులూ పక్కపక్కన పెట్టి ర్యాంకు ఇవ్వడం కుదరదు.

2024 మేలో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. సామిమ్ సర్దుకుంటోంది. సాడెక్ అప్పటికే తూర్పు కాంగోకు ఇంకో సేనను పంపి ఉంది, రెండు చోట్ల నడిపే డబ్బు లేదు. మకోమియా నుంచి దక్షిణాఫ్రికా వాళ్లు తగ్గిపోగానే, మే 10 తెల్లవారుజామున తిరుగుబాటుదారులు ఆ పట్నంలోకి చొరబడ్డారు. మర్నాటి దాకా ఉన్నారు. షాపుల్లో బియ్యం, పిండి మోసుకుపోయారు, సేవా సంస్థల బండ్లు పట్టుకుపోయారు. వాళ్లలో తుపాకులు పట్టుకున్న చిన్నపిల్లలు కూడా ఉన్నారనీ, కొందర్ని బంధువులు గుర్తుపట్టారనీ హ్యూమన్ రైట్స్ వాచ్ చెప్పింది. ఏమీ చేయలేదని అందరూ అన్న సేన, ఉన్నన్నాళ్లూ ఏం ఆపిందో అది కదిలాక తెలిసింది. జులై కల్లా సామిమ్ పూర్తిగా వెళ్లిపోయింది. టాంజానియా మాత్రం విడిగా ఒప్పందం చేసుకుని నంగాడేలో ఉండిపోయింది. తన సరిహద్దు పక్కనే మంట ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

ఆ తర్వాత రువాండా తన సేనను పెంచింది, నాలుగు వేలు దాటింది. అయినా 2025లోనూ దాడులు ఆగలేదు. నియాస్సా అభయారణ్యం దాకా వెళ్లాయి, పక్కనున్న నంపులా రాష్ట్రంలోనూ జనం ఇళ్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఎంత చురుకైన సేనైనా ఒంటరిగా అంత పెద్ద రాష్ట్రాన్ని కాయలేదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది జవాబుదారీతనం. దక్షిణాఫ్రికా రాజ్యాంగం ప్రకారం సేనను బయటికి పంపితే అధ్యక్షుడు పార్లమెంటుకు చెప్పాలి: ఎందుకు, ఎక్కడికి, ఎంతమంది, ఎన్నాళ్లు. 2021లో అధ్యక్షుడు రామఫోసా పంపిన లేఖలో 1,495 మంది అనీ, మూడు నెలలకు సుమారు 98 కోట్ల రాండ్లు అనీ ఉంది. ఎవరైనా చదవొచ్చు, ప్రతిపక్షం నిలదీయొచ్చు. రువాండా సేన ఏ షరతుల మీద వచ్చిందో మొజాంబిక్ పార్లమెంటులో చర్చకే రాలేదు. 2023 జనవరిలో సామిమ్ సైనికులు శవాల్ని మంటల్లో వేస్తున్న వీడియో బయటికొచ్చింది. ఘోరం, సందేహం లేదు. కానీ దక్షిణాఫ్రికా సైన్యం, సాడెక్ రెండూ విచారణ చేస్తామని చెప్పాల్సి వచ్చింది. అడగడానికి ఒక తలుపైనా ఉంది. రువాండా సైనికుడు తప్పు చేస్తే మకోమియా రైతు ఏ తలుపు తట్టాలి? కిగాలీ మాత్రమే. రువాండా ప్రభుత్వాన్ని వ్యతిరేకించి మొజాంబిక్‌లో తలదాచుకుంటున్న వాళ్లకు ఈ స్నేహం చూస్తే ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పైగా ఇదే రువాండా సైన్యం తూర్పు కాంగోలో ఎం23 తిరుగుబాటుకు అండగా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు పదేపదే చెబుతున్నారు, రువాండా ఒప్పుకోదు. 2025 జనవరిలో ఎం23 అక్కడి గోమా నగరాన్ని పట్టుకున్నప్పుడు ఆ చుట్టుపక్కల పోరులో సాడెక్ తరఫున ఉన్న దక్షిణాఫ్రికా సైనికులు పదిమందికి పైగా చనిపోయారు. యూరోపియన్ యూనియన్ ఒక చేత్తో కాబో డెల్గాడో కోసం రువాండాకు రెండు విడతల్లో 4 కోట్ల యూరోలు మంజూరు చేసింది, ఇంకో చేత్తో 2025 మార్చిలో కాంగో విషయమై ఆ దేశపు సైనికాధికారుల మీద ఆంక్షలు పెట్టింది. సామిమ్‌కి అదే యూనియన్ ఇచ్చింది కోటిన్నర యూరోలు. ఇక్కడ రక్షకుడు, అక్కడ నిందితుడు. ఒక దేశం మీదే ఆధారపడితే ఆ దేశం తక్కిన చోట్ల చేసే పనికీ మనం నోరు మూసుకోవాల్సి వస్తుంది.

ఉమ్మడి సేన అంటే నెమ్మదిగానే ఉంటుందన్న మాటా నేను ఒప్పుకోను. 2017 జనవరిలో గాంబియాలో ఎన్నికల్లో ఓడిపోయిన అధ్యక్షుడు యాహ్యా జమ్మే కుర్చీ దిగనన్నాడు. గెలిచిన అడామా బారో 19న సెనెగల్ రాజధాని డకార్‌లోని గాంబియా ఎంబసీలో ప్రమాణం చేశాడు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ సేనలు సరిహద్దు దాటాయి. 21 రాత్రికి జమ్మే దేశం వదిలాడు. చిన్న దేశం, మూడు వైపులా సెనెగల్, ఎదురుగా అడవిలో దాక్కున్న శత్రువు కాదు, ఒక్క మనిషి. కాబట్టి నేరుగా పోల్చలేం. కానీ ముందే రాసుకున్న నియమాలు, ముందుకు నడిచే ఒక దేశం ఉంటే కూటమి కూడా పరుగెత్తగలదని అది చూపించింది.

నన్నడిగితే, పట్నం శత్రువు చేతిలో ఉన్నప్పుడు రువాండా లాంటి సేనే మేలు. ఆ నెలలో సమావేశాల కోసం ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ దాన్ని గడువు రాసుకుని, పార్లమెంటుకు చూపించి, సాడెక్ కమాండ్‌తో కలిపి దింపాలి. పట్నం చేజిక్కాక ఏళ్లకేళ్లు జిల్లాలు కాయడానికి పొరుగు దేశాల ఉమ్మడి సేనే మేలు, అది కాగితం మీద ఉన్న 2,916 మందితో, ముందే పక్కన పెట్టిన డబ్బుతో ఉంటేనే. మొజాంబిక్‌లో ఈ రెండూ ఒకేసారి ఉన్నాయి గానీ కలవలేదు, ఒకటి కావాల్సినంత మంది లేకుండా నడిచి ముందే వెళ్లిపోయింది. లెక్కలు చూస్తే తప్పు సైనికులది కాదు, నిధులూ కమాండూ విషయంలో నిర్ణయాలు తీసుకున్నవాళ్లది.

ఇంకొకటి, ఈ రెండు సేనల్లో ఏదీ చేయలేని పని. గ్యాస్ ప్రాజెక్టు కోసం పాల్మా తీరంలోని ఊళ్లను ఖాళీ చేయించి కితుండా అనే కొత్త కాలనీ కట్టారు. ఇళ్లు పక్కావే, కానీ చేపలు పట్టే కుటుంబాలకు సముద్రం దూరమైంది. గ్యాస్ బావుల పక్కన బతికిన కోనసీమ వాళ్లకు ఈ బాధ వేరే వివరించక్కర్లేదు. 2025 చివర్లో టోటల్ ప్రాజెక్టు మీద నిలిపివేతను ఎత్తేసింది. అఫుంగికి కాపలా గట్టిగానే ఉంటుంది. కితుండా నుంచి వలతో బయల్దేరే జాలరికి సముద్రం దాకా దారీ, మొసింబోవా కుర్రాడికి ఆ ప్రాజెక్టులో ఒక ఉద్యోగమూ ఇవ్వాల్సింది మపూటో ప్రభుత్వమూ, ఆ కంపెనీలూ. ఆ ప్రాజెక్టులో 30 శాతం వాటా ఉన్న మన ప్రభుత్వ సంస్థల్ని ఈ విషయం మనమూ అడగాలి.