షాన్షీ బొమ్మా, టాంగ్‌షాన్ బొమ్మా: ఏది మేలు?

చైనా వెళ్లేవాళ్లు, అక్కణ్ణుంచి తెప్పించుకునేవాళ్లు అందరూ ఒకటే అడుగుతున్నారు: తోలుబొమ్మ కొనాలంటే షాన్షీదా, టాంగ్‌షాన్‌దా? 2011లో యునెస్కో జాబితాకెక్కింది చైనా తోలుబొమ్మలాట మొత్తం కాబట్టి ఆ పేరు చూసి తేల్చుకోవడం కుదరదు.

ముందు తోలు తేడా: షియాన్ నగరం ఉన్న షాన్షీ రాష్ట్రంలో ఎద్దు తోలు, హెబెయ్ రాష్ట్రంలోని టాంగ్‌షాన్‌లో గాడిద తోలు. గాడిద తోలు పల్చన, బొమ్మ తేలిగ్గా ఆడుతుంది. ఆడించేవాళ్లకి అది పెద్ద సుఖమే గానీ, కొని ఇంట్లో పెట్టుకునే మనకి దాంతో ఏం పని?

నా మటుకు తేల్చేది చెక్కడం. షాన్షీలో హువాషియన్ వైపు పనివాళ్లు కత్తిని కదలనివ్వరు, తోలునే కత్తి మీదికి తోస్తూ తిప్పుతూ పోతారు. మన తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటలో మేకతోలు మీద ఉలితో చిల్లులు కొట్టడం చూసినవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. ముఖంలో నుదురు, ముక్కు, పెదవుల గీత, కన్ను మాత్రం మిగిల్చి మిగతా తోలంతా తీసేస్తారు, చెంప ఉండాల్సిన చోట వెలుగే ఉంటుంది. ఇది టాంగ్‌షాన్‌లోనూ ఉంది, నిజమే. కానీ షాన్షీ బొమ్మ బట్టల మీద మంచు పువ్వులు, స్వస్తిక్ గుర్తులు, కవచం మీద చేప పొలుసులు, అంత సన్నపు జల్లెడ చెక్కాక కూడా తోలు చిరగకుండా నిలబడుతుంది చూడండి, నేను దానికే పడిపోయాను.

ఆట చూడాలంటే మాత్రం టాంగ్‌షాన్ వెళ్లండి. అక్కడి గాయకులు వేళ్లతో గొంతు నొక్కిపట్టి పాడతారు, ఆ గొంతే వేరు. హువాషియన్‌లో ఐదుగురే మొత్తం మేళం, ఆడ మగ పాత్రలన్నీ ఒక్కడే పాడేస్తాడు, అదీ తక్కువేం కాదు.

ఇక మిగతా రాష్ట్రాల్లో, సిచువాన్ బొమ్మలు చెంగ్డూ మ్యూజియంలో చూస్తే సరిపోతుంది. గాన్సువి దొరికితే కొనండి, దొరక్కపోతే బాధపడక్కర్లేదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. షియాన్ టూరిస్టు వీధుల్లో అమ్మేవాటిలో ప్లాస్టిక్‌వి, మెషిన్‌తో కోసినవి బోలెడు. ఒకే రకం బొమ్మలు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టండి, చిల్లుకి చిల్లు అచ్చంగా కలిసిందంటే అది చేతిపని కాదు. మెడకి ఒకటి, చేతులకి రెండు, మొత్తం మూడు పుల్లలున్న బొమ్మనే అడగండి. అద్దాల ఫ్రేములో అతికించేసింది అయితే వెలుగుకి పట్టి చూడటమే కుదరదు, దానికి అడిగిన ధరలో సగం ఇచ్చినా ఎక్కువే.