టెన్షనర్ మార్చాక 60,000 కిలోమీటర్లు: పాత కారు బెల్టు అరుపుతో నా అనుభవం

పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయగానే బానెట్ కింద నుంచి కీచుమని అరుపు, రెండు నిమిషాలకు దానంతటదే సర్దుకోవడం. పాత కారు నడిపేవాళ్ళకు ఈ చప్పుడు బాగా తెలుసు. నా డీజిల్ కారుకు అప్పటికి 14 ఏళ్ళు, మీటరు మీద 1,30,000 కిలోమీటర్లు. ఈ అరుపు పోగొట్టడానికి మూడు రిపేర్లు చేశాను. ఒక్కొక్కటి ఎంతకాలం నిలిచిందో చెబుతాను. ఏ రిపేరైనా మొదటి వారం బాగానే ఉంటుంది కాబట్టి, కొత్త పార్టు బిగించిన రోజు రాసే సమీక్షను నేను పెద్దగా నమ్మను.

మొదట బెల్టు మార్చాను. మూడు నెలలు నిశ్శబ్దం. తర్వాత మళ్ళీ అదే అరుపు, ఈసారి ఏసీ వేసినప్పుడు కూడా. విప్పి చూస్తే మూడు నెలల బెల్టుకు ఒక అంచున నూలు పోగులు లేచి ఉన్నాయి, రెండో అంచు కొత్తదానిలాగే ఉంది. అరిచేది బెల్టే, కానీ తప్పు దానిది కాదని అప్పుడు అర్థమైంది.

ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు, చాలా ఇంజిన్లలో వాటర్ పంపు కూడా ఒకే పొడవాటి బెల్టు మీద తిరుగుతాయి. దాన్ని బిగువుగా పట్టుకునేది టెన్షనర్. ఒక చేయి, చేయి కొసన ఒక పుల్లీ, చేయి మొదలు దగ్గర గుండ్రటి డిప్ప. ఆ డిప్పలో గట్టి స్ప్రింగు, దానితోపాటు రాపిడి కోసం పెట్టిన ప్లాస్టిక్ బుష్ ఉంటాయి. స్ప్రింగు బెల్టును లాగి పట్టుకుంటుంది, బుష్ చేయి ఊగిపోకుండా ఆపుతుంది. ఇంజిన్ బయటికి నున్నగా తిరుగుతున్నట్టు అనిపించినా, సిలిండర్‌లో ఇంధనం మండిన ప్రతిసారీ చిన్న కుదుపు వస్తుంది. డీజిల్‌లో ఆ కుదుపు ఇంకా ఎక్కువ. లక్షల కిలోమీటర్ల పాటు ఆ కుదుపులన్నీ మింగేది ఈ చిన్న బుష్షే. అది అరిగితే చేయి ఊగడమే కాదు, పుల్లీ పక్కకు వాలుతుంది. వాలిన పుల్లీ మీద బెల్టు ఒక అంచుకు జరిగి ఒరుసుకుంటుంది. నా బెల్టుకు జరిగింది ఇదే.

ఇది తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, చేతులు దూరంగా ఉంచి, బెల్టు గాడుల వైపు కొంచెం నీళ్ళు స్ప్రే చేయాలి. అరుపు కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు వరుస తప్పాయని అనుమానించాలి. నీళ్ళు పడగానే ఇంకా గట్టిగా అరిస్తే బిగువు చాలక బెల్టు జారుతోందని. నాది ఆగి మళ్ళీ మొదలైంది.

అయినా పూర్తి టెన్షనర్ కొనడానికి మనసొప్పక ముందు పుల్లీ లోపలి బేరింగ్ ఒక్కటే మార్చాను. పాత పుల్లీ ఇనుపది కావడం కలిసొచ్చింది. బేరింగ్ మీద 6203 అని నంబరు ఉంది: లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ఎక్కడైనా దొరికే సైజు. రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నది తీసుకున్నాను. కొత్తది ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే బాల్స్ తిరిగే దారిలో నొక్కులు పడి, కొత్త బేరింగే నాలుగు రోజుల్లో గరగరలాడుతుంది. పుల్లీ బోల్టు విప్పేముందు మరలు ఏ వైపు తిరుగుతాయో చూసుకోండి, కొన్నిటికి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకు రివర్సులో విప్పాలి.

బేరింగ్ మార్చాక పుల్లీ నుంచి వచ్చే గరగర పూర్తిగా పోయింది. అరుపు మాత్రం ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. బెల్టు తీసి చేయి పట్టుకుని పక్కకు ఊపితే టకటకమని లూజు కొడుతోంది. డిప్ప అంచున తుప్పు రంగు పొడి పేరుకుని ఉంది. ఆ అరుగుదలకు బేరింగ్ మందు కాదు. అక్కడ నూనె కొట్టమని ఒకరిద్దరు చెప్పారు, దయచేసి కొట్టకండి. ఆ బుష్ పనిచేసేదే రాపిడి వల్ల. పైగా నూనె చుక్క బెల్టు మీద పడితే రబ్బరు పాడవుతుంది.

మూడోసారి మొత్తం టెన్షనరే మార్చాను. మొదట తెచ్చిన చవక డబ్బాలోని పార్టు బిగించకముందే వెనక్కి ఇచ్చేశాను. వెనక ఉన్న గుబ్బ ఇంజిన్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోలేదు. అది కూర్చోకపోతే చేయి కోణమే మారిపోతుంది. రెండోది నాణ్యమైనది, పాతదాని పక్కన పెట్టి కొలిచి చూసి బిగించాను. బ్యాటరీ నెగటివ్ తీసేసి, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోటో తీసుకున్నాక పని మొదలుపెట్టాను. ముప్పావు గంట పట్టింది. స్ప్రింగు బలం చాలా ఎక్కువ, పానా జారి చేయి ఠక్కున వెనక్కి కొడితే వేళ్ళకు గట్టి దెబ్బ. చేయిని వెనక్కి తిప్పి, రంధ్రంలో పిన్ను పెట్టి ఆపుకున్నాకే బెల్టు వేయాలి.

ఇది జరిగి నాలుగేళ్ళు, 60,000 కిలోమీటర్లు. పొద్దుటి అరుపు మళ్ళీ రాలేదు. అప్పుడు వేసిన బెల్టే ఇంకా ఉంది, రెండు అంచులూ సమంగా ఉన్నాయి.

మధ్యలో ఒకసారి మాత్రం భయపడ్డాను. 40,000 దగ్గర ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, టెన్షనర్ చేయి మళ్ళీ గజగజ ఊగడం మొదలైంది. కొత్త టెన్షనర్ కూడా పోయిందనుకున్నాను. బెల్టు తీసి ఆల్టర్నేటర్ పుల్లీ చూశాను. నా కారులో ఉన్నది ఒకవైపు మాత్రమే పట్టే రకం. ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగాన్ని (రోటర్) కదలకుండా పట్టుకుని పుల్లీని తిప్పితే ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు పట్టెయ్యాలి. నాది రెండువైపులా పట్టేసింది. దాంతో ఇంజిన్ కుదుపంతా నేరుగా టెన్షనర్ మీద పడుతోంది. ఆ పుల్లీ మార్చిన మరుక్షణం చేయి నిలకడగా నిలబడింది. మొదటి టెన్షనర్ అంత అరగడానికి కూడా ఈ పుల్లీయే కారణమేమోనని ఇప్పుడు అనుమానం. ఇలాంటి పుల్లీ ఉన్న కారైతే రెండూ ఒకేసారి చూపించుకోండి.

ఈ టెన్షనర్ మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే. దీని పుల్లీ ప్లాస్టిక్‌ది, బేరింగ్ అందులోనే కలిపి పోతపోసి ఉంది. అది అరిగితే నాలుగు నిమిషాల్లో 6203 ఎక్కించే వీలు లేదు, పుల్లీ మొత్తం మార్చాలి. అందుకే పాత ఇనుప పుల్లీని కొత్త బేరింగ్‌తో సహా గుడ్డలో చుట్టి దాచాను. కొలతలు సరిపోయాయి, అవసరమైన రోజు అదే బిగిస్తాను.